హామిల్టన్ అల్లుడు

కెనడాలోని మన కేంబ్రిడ్జ్‌లో గాల్ట్ వైపు నుంచి ఎనిమిదో నంబరు రోడ్డు పట్టుకుంటే హామిల్టన్ నలభై కిలోమీటర్లుంటుంది. వారాంతాల్లో ఆ దారిన తిరిగే ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు తొలి కెప్టెన్ హామిల్టన్ అల్లుడే. ఆయన్ని ఈ దేశం రప్పించింది మాత్రం క్రికెట్.

పేరు కత్‌బర్ట్ ఒట్టవే. 1850లో డోవర్‌లో, సర్జన్ కొడుకుగా పుట్టాడు. 1869లో ఈటన్ స్కూలు తరఫున లార్డ్స్ క్రికెట్ మైదానంలో హారో స్కూలుపై 108 పరుగులు చేశాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఏకంగా ఐదు ఆటల్లో ఆడాడు: క్రికెట్, ఫుట్‌బాల్, రాకెట్స్, రియల్ టెన్నిస్, పరుగు పందెం. వికెట్ల వెనక నిలబడేవాడు, ముందుగా బ్యాటింగ్‌కు దిగేవాడు. డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లను అప్పట్లో 'జెంటిల్మెన్' అనేవారు. ఒట్టవే ఆ కోవలోనివాడే.

1872 ఆగస్టులో ఇంగ్లండ్ క్రికెట్ క్లబ్ ఎం.సి.సి. కార్యదర్శి ఫిట్జ్‌జెరాల్డ్ అలాంటి అమెచ్యూర్ల జట్టును కెనడాకు తీసుకొచ్చాడు. ఇరవై రెండేళ్ల ఒట్టవేతోపాటు ఓడలో క్రికెట్ దిగ్గజం డబ్ల్యు.జి. గ్రేస్ కూడా ఉన్నాడు. మాంట్రియల్, ఒట్టావా, టొరంటో, కెనడాలోనే ఉన్న లండన్, హామిల్టన్ ఊళ్లలో మ్యాచ్‌లు జరిగాయి. సందర్శకులు పదకొండు మంది, ఎదుట స్థానికులు ఇరవై రెండు మంది! ఫీల్డింగ్‌లో అంతమంది పరుచుకుని నిలబడితే బంతి దూరడానికి సందెక్కడిది? అయినా టొరంటోలో గ్రేస్ 142 కొట్టాడు. విందుల్లో మాట్లాడమంటే మాత్రం ఒకే వాక్యం తిప్పి తిప్పి చెప్పేవాడట. ఇంత మంచిది ఎన్నడూ చూడలేదంటూ, ఒకచోట బౌలింగ్‌ని, మరోచోట మైదానాన్ని మెచ్చుకుని కూర్చునేవాడు.

ఇంటికి వెళ్లిన కొద్ది వారాలకే, నవంబరు 30న, గ్లాస్గోలో స్కాట్లండ్‌తో తొలి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఒట్టవే ఇంగ్లండ్ కెప్టెన్ అయ్యాడు. ఆట 0-0తో ముగిసింది. చిత్రమేమిటంటే, ఆ మైదానం పేరు హామిల్టన్ క్రెసెంట్. 1874లో ఆయన కెప్టెన్సీలోనే ఆక్స్‌ఫర్డ్ ఎఫ్.ఎ. కప్ గెలిచింది.

కెనడాను ఆయన మర్చిపోలేదు. 1877 ఆగస్టులో హామిల్టన్‌లోని సంపన్న కుటుంబానికి చెందిన మారియన్ స్టిన్సన్‌ను పెళ్లాడాడు. అప్పటికి లాయరుగా ప్రాక్టీసు మొదలైంది. కాపురం ఎనిమిది నెలలైనా నిండలేదు. 1878 ఏప్రిల్ 2న, ఇరవై ఏడేళ్లకే, జలుబు ముదిరి ఇంగ్లండ్‌లోని లండన్‌లో చనిపోయాడు. కూతురు పుట్టింది ఆ తర్వాతే.

ఆయన్ని కెనడాకు రప్పించిన క్రికెట్ సంగతికొస్తే, అంతర్జాతీయ క్రికెట్‌లో తొలి మ్యాచ్ 1844లో ఆడింది అమెరికా, కెనడాలే. అంత ముందున్న ఆట ఇక్కడ వెనకబడింది. క్రికెట్‌కు రోజులు కావాలి, చదును చేసిన పిచ్ కావాలి. గ్రాండ్ నది ఒడ్డున గాల్ట్ మిల్లుల్లో, ఫౌండ్రీల్లో పనిచేసే కుర్రాళ్ల దగ్గర ఉన్నది శనివారం మధ్యాహ్నం మాత్రమే. వాళ్లకు ఫుట్‌బాలే అందింది. 1880లో పక్కనే ఉన్న బెర్లిన్‌లో, అంటే నేటి కిచెనర్‌లో, వెస్టర్న్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది. గాల్ట్ జట్టు ఎదిగింది ఆ వాతావరణంలోనే. 1904 నవంబరులో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో రెండు అమెరికా జట్లను వరుసగా 7-0, 4-0 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చింది. 1973లో గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ కలిసి కేంబ్రిడ్జ్ అయ్యేసరికి ఆ పతకం ఊరందరి సొత్తయింది. ఆ కథ చెప్పుకునేటప్పుడు హామిల్టన్ అల్లుణ్ణి కూడా తలుచుకోవాలి. క్రికెట్ బ్యాటుతో కెనడాకొచ్చి, అదే ఏడాది ఫుట్‌బాల్ జట్టును నడిపించినవాడు ఆయనే కదా.