ఒంటిగది బడి – రెండు లిపులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అనగానే అందరికీ సంస్థానాలు, కోటలు జ్ఞాపకం వస్తాయి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర డిగ్రీ కళాశాల వెలిసింది. వనపర్తి రాజావారి బంగళాలో 1959లో పాలిటెక్నిక్ పెట్టినారు. కోటల చరిత్ర రాసినవారు ఎందరో గలరు. మన తాతలు చాపమీద కూర్చుని అలిఫ్ బే దిద్దిన ఒంటిగది బడిని గురించి నాలుగు మాటలు రాసినవారు మాత్రం బహు తక్కువ. సొసైటీ సభ్యులు, వారి ఇంటివాళ్లు చదువుతారని ఈ నాలుగు మాటలు.

సర్కారు బడులు రాకముందు కూడా పల్లెల్లో చదువు ఉండేది. దానికి ప్రత్యేకంగా భవనం ఉండేది కాదు. గుడి మంటపమో, మసీదు అరుగో, పీర్ల చావిడో, పెద్దింటి పంచో చాలు. తుంగభద్రకు అవతలనున్న బళ్ళారి జిల్లాలో 1823లో కలెక్టరు కాంబెల్ బడుల లెక్క తీయించినాడు. మొత్తం 533 బడులు తేలినాయి. అందులో కన్నడానివి 235, తెలుగువి 226, పారశీకానివి 21. వీటిలో ఒక్కదానికైనా సర్కారు పైసా సహాయం లేదని ఆయనే సిగ్గుపడుతూ రాసినాడు. ఇవతలి ఒడ్డున అటువంటి లెక్క నా కంటబడలేదు గాని, నది దాటితే బడి తీరు మారిపోతుందని అనుకోలేము.

ఆ బడిలో పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో దిద్దేవాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. ఒక్క గదిలో, ఒక్క అయ్యవారితో అన్ని తరగతులు నడవాలంటే అంతకన్న మార్గమేమున్నది? మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన డాక్టర్ ఆండ్రూ బెల్ అనే దొర ఈ పద్ధతులే తన బడిలో పెట్టి, 1797లో లండనులో పుస్తకం అచ్చు వేసినాడు. అది ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇంగ్లాండు బడులకు పాకింది. మన అరుగు మీది చదువు సముద్రం దాటిందని చెప్పుకుంటే తప్పు లేదు.

నిజాం కాలంలో సర్కారీ మదర్సాలు వచ్చినాయి. ప్రాథమిక బడిని తహతానియా, మిడిల్ స్కూలును వస్తానియా, హైస్కూలును ఫౌఖానియా అనేవారు. పై చదువంతా ఉర్దూలోనే. పిల్లలు తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, రెల్లు కలంతో రాసేవారు. తెలుగు పిల్లలు పలక, బలపం పట్టుకుని అదే గదిలో కూర్చునేవారు. మౌల్వీసాబు ఒకవైపు, పంతులుగారు ఇంకోవైపు ఉన్న బళ్లూ ఉండేవి. రెడ్డిగారి అబ్బాయి ఉర్దూ దస్తూరీ చక్కగా రాస్తే మౌల్వీసాబు మెచ్చుకోవడం, సాయిబుగారి అబ్బాయి ఎక్కాలు గడగడా అప్పజెప్పితే పంతులు భుజం తట్టడం ఆ గదికే చెల్లింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలె. మన ఉర్దూకు పెద్దపీట దక్కిందని సంతోషిస్తే చాలదు. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లవానికి, మన దూదేకులవారి పిల్లలతో సహా, అది బరువే అయింది. సొంతంగా ఖాంగీ బడి పెట్టుకుందామంటే సర్కారు అనుమతి కావలసి వచ్చేది. ఆంధ్రమహాసభ మాతృభాషలో ప్రాథమిక విద్య కావాలని అడుగుతూ వచ్చింది ఇందుకే. 1930లో జోగిపేటలో ఆ సభకు మొదటి అధ్యక్షులైన సురవరం ప్రతాపరెడ్డిగారు మన గద్వాల ప్రాంతం వారే. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచినారు. ఉర్దూ, పారశీకం చక్కగా వచ్చిన మనిషి తెలుగు బడి కోసం పోరాడినాడంటే, అది భాష మీద ద్వేషం కాదు, పిల్లల మీద ప్రేమ.

1948 తర్వాత లిపి తిరగబడింది. ఈసారి ఉర్దూ ఒక మూలకు జరిగింది. 1980 తర్వాత శ్రీశైలం నీళ్లు నిలిచి కొల్లాపూరు, ఆలంపూరు వైపు ఊళ్లకు ఊళ్లే మునిగినాయి. వాటితో ఆ ఊళ్ల బడులూ పోయినాయి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చి ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్నది. 2009 విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయునికొక గది అన్నది. 2022 మార్చిలో ‘మన ఊరు - మన బడి’ వనపర్తిలోనే మొదలైంది. ఇవన్నీ మంచికే. వాన కురిస్తే సెలవిచ్చే గది కోసం ఎవరూ ఏడవనక్కరలేదు.

నా బెంగ గోడల గురించి కాదు, దాఖలా రిజిస్టరు గురించి. పాత గది పడగొట్టేటప్పుడు బీరువాలోని కాగితాలు ఎటు పోతున్నాయో చూసేవారెవరు? పిల్లవాని పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ, బడిలో చేరిన తేదీ అన్నీ అందులోనే ఉంటాయి. పుట్టిన తేదీలు చాలామటుకు అయ్యవారు అందాజాగా వేసినవే లెండి! అయినా పెద్దలు చదువుకున్నారనడానికి చాలా ఇండ్లకు వేరే కాగితం లేదు. హిందువుల ఇండ్లకూ అంతే. నిజాం కాలం నాటివి ఉర్దూలో ఉన్నాయి గనుక ఇప్పటి హెడ్‌మాస్టర్లలో చాలామందికి అవి చదవరావు. మన సభ్యులలో చదవగలవారు ఇంకా కొందరున్నారు. సెలవుల్లో ఒకరిద్దరు బడికి పోయి, అనుమతి తీసుకుని, పేరు పేరునా తెలుగులో ఎత్తి రాసిస్తే ఊరందరికీ ఉపకారం.

పోయేవారికి ఒక చిన్న లెక్క. తేదీలు ఫస్లీలో ఉంటాయి. నిజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆజుర్, దై నెలలైతే ఫస్లీకి 590 కలపాలె. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591. అంటే 1358 ఆజుర్ మనకు 1948 అక్టోబరు. నడుమనున్న బహ్మన్ మాత్రం డిసెంబరులో మొదలై జనవరిలోకి కాలు చాపుతుంది. అక్కడ తేదీ కూడా చూసుకుని కలపాలె.