చెవి నాళం సన్నబడటం

పుట్టినప్పుడు సరిగానే ఉన్న చెవి నాళం తరవాత ఏదో జబ్బు వల్లో, దెబ్బ వల్లో, ఆపరేషన్ వల్లో ఇరుకైపోతే వైద్యులు దాన్ని అక్వైర్డ్ స్టెనోసిస్ అంటారు. పూర్తిగా పూడిపోతే అట్రీసియా. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో దీని సంకేతం హెచ్61.3. నాళమే లేకుండా పుట్టే పిల్లల సమస్య వేరు, దాని వైద్యమూ వేరు.

పెద్దవాళ్లలో ఈ నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. బయటి మూడో వంతు మృదులాస్థి. వెంట్రుకలు, గులిమిని తయారుచేసే గ్రంథులు ఉండేది అక్కడే. లోపలి భాగమంతా ఎముక. దాని మీది చర్మం చాలా పల్చన, కింద కొవ్వు పొర కూడా ఉండదు. కాస్త వాచినా ప్రాణం పోయేంత నొప్పి పుట్టేది అందుకే. ఈ చర్మానికి ఒక విచిత్ర లక్షణం ఉంది. కర్ణభేరి దగ్గర మొదలై బయటివైపు నెమ్మదిగా జరుగుతూ, రాలిన పొట్టునూ గులిమినీ మోసుకొస్తుంది. కాబట్టి పిన్నీసుకూ, అగ్గిపుల్లకూ, ఇయర్ బడ్‌కూ అక్కడ పనే లేదు. అవి చర్మాన్ని గీరి, గులిమిని ఇంకా లోపలికి నెడతాయి.

నాళం సన్నబడటానికి ప్రధాన కారణం ఏళ్ల తరబడి తగ్గని వాపు. చెవి నుంచి చీము కారుతూనే ఉండటం, వేడీ ఉక్కపోతా ఉన్నచోట తరచూ పట్టే బూజు, మానని ఎగ్జిమా ఈ కోవలోవి. మొదటి దశలో కర్ణభేరి దగ్గర ఎర్రటి కండ పెరిగి తడిగా ఉంటుంది. తరవాత అది గట్టిపడి, మీద చర్మం కమ్మి పొడిబారుతుంది. చీము ఆగింది కదా, నయమైందని రోగి అనుకునేది ఈ దశలోనే. నిజానికి నాళం లోపలి కొస పూడిపోయి ఉంటుంది. ఓటోస్కోపులో చూస్తే ఆ పూడిక నున్నగా, కర్ణభేరిలాగే కనబడి అనుభవం లేనివారిని మోసం చేస్తుంది. తేడా లోతులో తెలుస్తుంది: నాళం ఉండాల్సిన దానికంటే ముందే ఆగిపోతుంది.

చెవిపోటుకు పోసిన కాగిన నూనె, యాసిడ్ కాలిన గాయాలు, చెవి వెనక ఎముకకు చేసే మాస్టాయిడ్ ఆపరేషన్ తరవాతి మచ్చ, ముక్కు వెనక భాగపు క్యాన్సర్‌కు ఇచ్చిన రేడియేషన్ కూడా కారణాలే. బండి మీంచి పడి గడ్డానికి దెబ్బ తగిలితే దవడ కీలు వెనక్కి గుద్దుకుని నాళం ముందు గోడ విరగవచ్చు. అప్పుడు చెవిలోంచి రక్తం వస్తుంది. గడ్డం గాయానికి కుట్లు వేయించుకుని చెవిని మరిచిపోవడం మామూలే.

చల్లటి నీళ్లలో ఏళ్ల తరబడి ఈదేవారికి, సర్ఫింగ్ చేసేవారికి నాళంలో ఎముకే బొడిపెలుగా పెరుగుతుంది. 23 మంది నియాండర్తల్ మానవుల అవశేషాల్లో దాదాపు సగం మందికి ఇలాంటి బొడిపెలున్నాయని శాస్త్రవేత్త ఎరిక్ ట్రింకాస్ బృందం 2019లో ప్రచురించింది.

రోగి చెప్పేవి చెవి దిబ్బడ, వినికిడి తగ్గడం, దురద, హోరు. 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును మోగించి నుదుటిమీద పెడితే శబ్దం బాగాలేని చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. రోగి ఆశ్చర్యపోతాడు గానీ, లోపలి చెవి పనిచేస్తోందనడానికి అదొక మంచి సూచన. తరవాత వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ, చెవి ఉండే టెంపోరల్ ఎముకకు సీటీ స్కాన్ చేస్తారు. పూడిక వెనక చర్మపు పొట్టు పోగై ఎముకను తినేసే కొలెస్టియాటోమా ఉందేమో సీటీలో చూసి తీరాలి. షుగరున్న వృద్ధులకు రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని పోటు, చెవిలో కండ ఉంటే అది ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్ కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. ముక్క తీసి పరీక్షకు పంపకుండా చుక్కల మందుతో సరిపెట్టకూడదు.

తడి దశలో మందులకు లొంగుతుంది. మైక్రోస్కోపు కింద శుభ్రం చేయడం, స్టీరాయిడ్, యాంటీబయాటిక్ చుక్కలు, మందులో తడిపిన వత్తి పెట్టడం చికిత్స. గట్టిపడ్డాక నాళాన్ని తెరిచే దారి కెనాల్‌ప్లాస్టీ ఒక్కటే. చెవి వెనక కోసి పూడికను తీసి, ఎముకను డ్రిల్లుతో వెడల్పు చేసి, వేరేచోటి నుంచి తీసిన పల్చటి చర్మాన్ని పరుస్తారు. ముందు దవడ కీలు, వెనక ముఖ నాడి ఉంటాయి. డ్రిల్లు ఆ రెండింటి మధ్యే తిరగాలి. అయినా అసలు కష్టం ఆపరేషన్ తరవాతే. చుట్టూ ఉన్న గాయం మానేటప్పుడు లోపలికే ముడుచుకుంటుంది కాబట్టి నాళం మళ్లీ మూసుకుపోవడం సాధారణం. అందుకే వారాల తరబడి ప్యాకింగ్, ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు. ఆ మాట ముందే చెప్పని ఆపరేషన్ సగం వైద్యమే.

ఈ ఆపరేషన్ వద్దనుకునేవారికి ఎముక ద్వారా శబ్దాన్ని చేరవేసే యంత్రాలున్నాయి. ఎముకలో బిగించే రకాన్ని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1977లో తొలిసారి రోగులకు అమర్చారు. లోపలి చెవి బాగుండి, పూడిక వెనక కొలెస్టియాటోమా లేదని తేలినవారికే ఇవి సరిపోతాయి.