కొళాయి దగ్గర ఓడిన ఎర్రజెండా

మనకోసం పోట్లాడిన మనిషిని మనం ఎందుకు ఓడిస్తాం? పైకి రాజకీయ ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఇది వంటింటి ప్రశ్న. పేటకి కొళాయి కావాలంటే ముందుండి ఊరేగింపు తీసిందీ వాళ్ళే, రేషన్ షాపువాడు తూకంలో మోసం చేస్తే నిలదీసిందీ వాళ్ళే, ఇంటిస్థలం పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ వాళ్ళే. పాపం, ఇంత చేశారు కదా అని ఓట్లేసి గద్దె ఎక్కించాం. అయిదేళ్ళు తిరిగేసరికి ఏ చేత్తో ఎక్కించామో ఆ చేత్తోనే దింపేశాం. విశ్వాసం లేని జనం అంటారు కొందరు. డబ్బుకీ సారాకీ అమ్ముడుపోయారంటారు మరికొందరు. ఏ పార్టీ ఓడినా ఈ రెండు మాటలూ వినబడుతూనే ఉంటాయి. నాకైతే వాటిని అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు. బిందె పట్టుకుని గంటసేపు నిలబడిన ఆడది ఊరికే మనసు మార్చుకోదు.

మాది షామీర్‌పేట దగ్గర తుర్కపల్లి. రాజీవ్ రహదారి మీద వెళ్తుంటే జీనోమ్ వ్యాలీ కనిపిస్తుందే, టీకాలూ మందులూ తయారుచేసే కంపెనీలుండే చోటు, అదే మా ఊరు. పేరు చెప్పగానే పెద్దవాళ్ళు కొందరు "యాదగిరిగుట్ట పక్కదా?" అంటారు. అది వేరే తుర్కపల్లి, ఆలేరు నియోజకవర్గంలోది. ఆ తుర్కపల్లివైపు నేల సాయుధపోరాటం నడిచిన నేల. పార్టీ మీద నిషేధం వల్ల 1952లో కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో పోటీ చేస్తే, నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆలేరులో ఆరుట్ల కమలాదేవి గారు గెలిచారు. ఒకసారి కాదు, 1952, 57, 62 ఎన్నికల్లో వరసగా మూడుసార్లు. చీరకొంగు బిగించి తుపాకీ పట్టిన మనిషి శాసనసభలో మైకు ముందు నిలబడటం ఆ రోజుల్లో చిన్న సంగతా!

కానీ వాళ్ళెవరూ అధికారంలో లేరు. ప్రతిపక్షంలో ఉన్నారు. ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళని ప్రేమించటం ఎప్పుడూ సుళువే, పెళ్ళికిముందు ప్రేమలాగ. అసలు పరీక్ష వాళ్ళు కుర్చీలో కూర్చున్నాక మొదలవుతుంది. తెలుగునాట ఆ పరీక్ష అందరి కళ్ళముందూ జరిగిన ఊరు బెజవాడ.

బెజవాడ అంటే దుర్గమ్మ, కృష్ణమ్మ, సినిమా హాళ్ళు అనుకుంటాం గానీ, ఆ ఊరు కమ్యూనిస్టులకి పుట్టిల్లులాంటిది. విశాలాంధ్ర పత్రిక అక్కడిదే, 1981లో దినపత్రికగా మారిన ప్రజాశక్తి కూడా అక్కడిదే. ఆ ఊరి స్వరూపం కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఒకపక్క నది, మరోపక్క బుడమేరు, మధ్యలో కాలవలూ కొండలూ. కింద చోటు దొరకని కూలీనాలీ జనం కొండవాలుకి ఎక్కి ఇళ్ళు కట్టుకున్నారు. కొండమీద ఇల్లంటే చూడటానికి బాగానే ఉంటుంది. నీళ్ళు మోసే ఆవిడని అడగండి చెబుతుంది! రెండు బిందెలు, నూరు మెట్లు. మెట్లున్న చోట అదృష్టవంతులు, లేనిచోట రాళ్ళే మెట్లు. ఆ ఇళ్ళకి పట్టాలు, ఆ దారులకి మెట్లు, ఆ పేటలకి కొళాయిలు, ఈ కోర్కెల మీదే ఎర్రజెండా అక్కడ పాతుకుపోయింది. (మా తెలంగాణలో నల్లా అంటాం, వాళ్ళు కొళాయి అంటారు. ఏ పేరుతో పిలిచినా నీళ్ళు రాని రోజున తిట్టే తిట్లు మాత్రం ఒకటే!)

1981లో ఆ మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఆ ఏడాది జరిగిన ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలిచారు. సీపీఐ నాయకుడు టి. వెంకటేశ్వరరావు గారు నగరానికి మొదటి మేయరయ్యారు. పుట్టింటివాళ్ళకే ఇంటితాళాలు చేతికొచ్చినట్టయింది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. అదే సంవత్సరం విశాఖపట్నం కార్పొరేషన్ బీజేపీ చేతికి వెళ్ళింది. ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారు మేయరు. ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాదిలో, సముద్రం ఒడ్డున ఆ జెండా, కృష్ణ ఒడ్డున ఈ జెండా! మార్క్సు సిద్ధాంతం చదివి బెజవాడవాళ్ళు, జనసంఘం చరిత్ర చదివి విశాఖవాళ్ళు ఓట్లేశారని అనుకోగలమా? హైదరాబాదులో కాంగ్రెసు ప్రభుత్వం. 1978 నుంచి 83 లోపల నలుగురు ముఖ్యమంత్రులు మారారు. ఆ విసుగు జనంలో ఉంది. ఏ ఊళ్ళో కాంగ్రెసుకి ఎదురుగా ఎవరు గట్టిగా నిలబడి ఉంటే ఆ ఊళ్ళో వాళ్ళకి ఓట్లు పడ్డాయి. అంటే కమ్యూనిస్టులకి వచ్చిన ఓట్లలో కొన్ని సొంత ఓట్లు, కొన్ని చేబదులు ఓట్లు. చేబదులు ఎప్పటికైనా తిరిగి ఇచ్చెయ్యాల్సిందే కదా.

అడిగేవాడు రానే వచ్చాడు. 1982 మార్చి 29న రామారావు గారు తెలుగుదేశం పెట్టారు. తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో, 294 సీట్లలో 201 గెలిచారు. కమ్యూనిస్టులకి ఎన్ని వచ్చాయనుకున్నారు? సీపీఐకి నాలుగు, సీపీఎంకి అయిదు. కాంగ్రెసంటే విసిగినవాళ్ళకి అంతకంటే పెద్ద ఇల్లు దొరికింది, సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ ఏప్రిల్లోనే కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడికి చవకబియ్యం కావాలని ఏళ్ళతరబడి గొంతు చించుకున్నది ఎర్రజెండా. చేటలో పోసింది మాత్రం పసుపుజెండా. ఇల్లాలికి ఎవరు గుర్తుంటారు చెప్పండి, అన్నం కావాలని ఊరేగిన మనిషా, అత్తెసరు పెట్టించిన మనిషా?

దీనికి తోడు మేయరు కుర్చీ గమ్మత్తయిన కుర్చీ. పేరు గొప్పది, దర్బారు గొప్పది. కానీ కార్పొరేషన్ చట్టం ప్రకారం పనులు నడిపే అధికారం కమిషనరుది, ఆయన్ని పంపేది రాష్ట్రప్రభుత్వం. పెద్ద పనులకి నిధులు హైదరాబాదునుంచి దిగాలి. ఊళ్ళో వసూలయ్యేది ఇంటిపన్ను, నీటిపన్ను. జనానికి ఇవన్నీ ఎవరు చెబుతారు? కొళాయిలో నీళ్ళు రాకపోతే మేయరు గుర్తొస్తాడు గానీ సచివాలయంలో ఫైలు ఏ బల్లమీద ఆగిందో గుర్తొస్తుందా? ఇంటి ఖర్చుకి మగవాడు డబ్బివ్వకపోయినా, కూర బాగాలేదని మాట పడేది వండినామే!

ఇంకొక ఇబ్బంది ఎర్రజెండాకి ప్రత్యేకం. వీధులు ఊడ్చేవాళ్ళ సంఘాలు ఆ పార్టీలవే. జీతం పెంచమని వాళ్ళు చీపుళ్ళు కింద పెడితే, పెట్టించిందీ ఎర్రజెండాయే, ఎత్తించాల్సిందీ ఎర్రజెండాయే. మెట్లకింద రిక్షావాడికి చోటు చూపించాలి, అదే రోడ్డు వెడల్పు చెయ్యాలి. పన్ను పెంచొద్దని నిన్నటిదాకా ధర్నా చేసిన నోటితో, పన్ను కట్టమని ఇవాళ నోటీసు పంపాలి. కౌంటరుకి ఇవతల మనపక్కన నిలబడి దరఖాస్తు రాసిపెట్టినతను, ఇప్పుడు కౌంటరుకి అవతల కూర్చుని "రేపు రామ్మా" అంటాడు. కాంగ్రెసువాడు ఆ మాటంటే మామూలే అనుకుంటాం. ఇతనంటే మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. పరాయివాడు చెయ్యకపోతే కోపం రాదు, సొంత అన్నయ్య చెయ్యకపోతేనే వస్తుంది. నా లెక్కలో అసలు కారణం ఇదే. తక్కినవన్నీ దీనికి తోడయ్యేవి.

1987 ఎన్నికల తర్వాత మేయరు గొలుసు జంధ్యాల శంకర్ గారి మెడలో పడింది. అయితే బెజవాడ ఎర్రజెండాని పూర్తిగా పారెయ్యలేదు. అదే ఈ కథలో నాకు నచ్చిన భాగం. 1995లో మళ్ళీ ఆ వెంకటేశ్వరరావు గారినే మేయరుని చేసింది! మనసు విరిగిపోయినవాళ్ళు ఎక్కడైనా అలా చేస్తారా? అంతకుముందు ఏడాదే, 1994లో, తెలుగుదేశంతో పొత్తుమీద సీపీఐకి 19, సీపీఎంకి 15 అసెంబ్లీ సీట్లు వచ్చి ఉన్నాయి, ఆ గాలి కొంత ఉంది. తర్వాత తెలుగుదేశం బీజేపీ పక్కకి జరిగింది, పొత్తు చెడింది. 1999లో సీపీఎంకి రెండు సీట్లు, సీపీఐకి సున్న. 2000 సంవత్సరంలో బెజవాడ మేయరుగా తెలుగుదేశం తరఫున పంచుమర్తి అనూరాధ గారు గెలిచారు. ఆవిడకప్పుడు ఇరవై ఆరేళ్ళు. అనుభవజ్ఞుల పార్టీ దిగిపోయి, పుస్తకాల సంచి నిన్నగాక మొన్న దించిన అమ్మాయి ఎక్కింది. ఎర్రజెండాకి వేసి వేసి అలిసిపోయినవాళ్ళకి ఆ కొత్తముఖమే ఒక కారణమై ఉండాలి.

ఒక్క ఊరి కథతో తేల్చెయ్యకూడదంటారేమో. సరే, బెంగాల్ చూద్దాం. అక్కడ వామపక్షం ఒకటీ రెండూ కాదు, 1977 నుంచి 2011 దాకా 34 ఏళ్ళు ఏలింది. వాళ్ళ బలమంతా పంచాయతీల్లోనే. 1978లో మూడంచెల పంచాయతీలకి పార్టీగుర్తుల మీదే ఎన్నికలు పెట్టారు. మన తెలంగాణ పల్లెల్లో సర్పంచి ఎన్నికలకి పార్టీగుర్తులుండవు కదా, ఉంగరమో కత్తెరో ఇస్తారు. కోపమొస్తే కత్తెర మీద పోతుంది, పార్టీకి దెబ్బ తగలదు. బెంగాల్లో అలా కాదు, చేతిపంపు చెడినా సుత్తీకొడవలికే తగులుతుంది. మొదట్లో అది వాళ్ళకి మేలే చేసింది. "ఆపరేషన్ బర్గా" పేరుతో దాదాపు 14 లక్షలమంది పాలికాపు రైతుల పేర్లు రికార్డుకెక్కించారు. యజమాని పొమ్మంటే పోవలసిన పనిలేదు. ఆ మేలు ఒక తరం మరచిపోలేదు.

కానీ రానురాను పల్లెల్లో పార్టీ ఆఫీసు లేకుండా పని జరగటం మానేసింది. పొలం గట్టు తగాదా అయినా, ఆస్పత్రి చీటీ అయినా, ఆఖరికి మొగుడూపెళ్ళాల గొడవ అయినా లోకల్ కమిటీ దగ్గరికే వెళ్ళాలి. మొదట్లో న్యాయం దొరికే చోటే. జమీందారు అరుగుమీద నిలబడేకన్నా నయం కదా. కానీ అదే కమిటీ ముప్ఫై ఏళ్ళు కూర్చుంటే? తన ఇంటి రంకెలు నలుగురు కార్యకర్తల ముందు విప్పి చెప్పుకోవాల్సిన ఆడమనిషి స్థితి ఊహించుకోండి. తీర్పు వ్యతిరేకంగా వస్తే వెళ్ళి చెప్పుకునేందుకు వేరే గుమ్మం లేదు.

2006లో 294లో 235 సీట్లు గెలిచారు. ఆ గెలుపే కళ్ళు మూసిందేమో! సింగూరులో కార్ల ఫ్యాక్టరీకి 997 ఎకరాలు తీసుకున్నారు. నందిగ్రామ్‌లో భూమి ఇవ్వమని జనం దారులు తవ్వి కూర్చుంటే 2007 మార్చి 14న పోలీసులు కాల్చారు, 14మంది చనిపోయారు. ఆ రోజు గుంపుకి ముందువరసలో నిలబడింది ఆడవాళ్ళే. దున్నేవాడికి భూమి రాసిచ్చిన పార్టీయే ఆ భూమి అడగటానికి వచ్చిందంటే వాళ్ళకెలా ఉంటుంది? అదే ఏడాది శీతాకాలం ముందు బంకురా, బీర్‌భూమ్, బర్ద్వాన్ జిల్లాల్లో రేషన్ డీలర్ల ఇళ్ళమీద జనం పడ్డారు. భూమి గొడవ రెండు చోట్లది, గోధుమల గొడవ చాలా ఊళ్ళది. పత్రికలు మొదటిదాన్ని పతాకశీర్షికలు చేశాయి, రెండోదాన్ని కొంచెం చిన్నచూపు చూశాయి. గృహిణిగా నా ఓటు రెండోదానికే.

2008 మేలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. తూర్పు మిడ్నపూర్, దక్షిణ 24 పరగణాల జిల్లాపరిషత్తులు తృణమూల్‌కి పోయాయి. 2010లో కలకత్తా కార్పొరేషన్ పోయింది, 141లో 95 తృణమూల్‌వి. 2011లో రాష్ట్రమే పోయింది. ఇల్లు కూలేటప్పుడు ముందు పెంకులు జారతాయి చూడండి, అలా జరిగింది. తర్వాత 2022లో 108 పురపాలక సంఘాలకి ఎన్నికలైతే వామపక్షానికి దక్కింది తాహెర్‌పూర్ ఒక్కటే.

కేరళవాళ్ళ తీరు వేరు. వాళ్ళు ఎవర్నీ ఎక్కువకాలం గుమ్మంలో నిలబెట్టుకోరు. 2010 స్థానిక ఎన్నికల్లో వామపక్షాన్ని దెబ్బతీశారు, 2015లో, 2020లో మళ్ళీ పిలిచారు. 2020లో తిరువనంతపురానికి 21 ఏళ్ళ ఆర్యా రాజేంద్రన్‌ని మేయరుని చేసి మార్క్సిస్టులు దేశమంతా మాట్లాడుకునేలా చేశారు. 2025 డిసెంబరులో ఆ కార్పొరేషనే చేజారింది, 101లో 50 స్థానాలు బీజేపీ కూటమికి వచ్చాయి. కొత్తముఖం ఒక ఎన్నికని గెలిపిస్తుందేమో గానీ, రెండో ఎన్నికనాటికి అదీ పాతముఖమే.

మళ్ళీ బెజవాడకే వస్తాను. మేయరు పదవి పోయిన ఆ 2000 సంవత్సరంలోనే కరెంటు చార్జీలు పెరిగాయి. ఎర్రజెండాలవాళ్ళు మళ్ళీ వీధుల్లోకి వచ్చారు, ఈసారి ఇంటింటి ఇల్లాళ్ళూ వాళ్ళ వెనక నడిచారు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు పోయారు. ఆ ఉద్యమపు వేడి 2004లో ప్రభుత్వాన్ని దించటంలో పనిచేసింది. అయితే గద్దె ఎక్కింది కాంగ్రెసు.

2021 మార్చిలో బెజవాడ 64 డివిజన్లకి ఎన్నికలు జరిగాయి. వైఎస్సార్ కాంగ్రెస్‌కి 49, తెలుగుదేశానికి 14, సీపీఎంకి 1. నగరానికి మొదటి మేయరునిచ్చిన సీపీఐకి ఒక్కటీ రాలేదు. ఆ ఏడాదే రాష్ట్రంలోని ఊళ్ళలో ఇంటింటికీ చెత్తపన్ను వచ్చింది. దాన్ని రద్దు చెయ్యమని వీధుల్లోకి వచ్చిన జెండాల్లో ముందున్నవి మళ్ళీ ఆ ఎర్రవే.