మాట చెల్లని చోట ముఖం

రెండేళ్ల కిందట మా పిన్నిని వెంటబెట్టుకుని అమెరికా వెళ్లాల్సి వచ్చింది. ప్రకాశం జిల్లాలో ముప్పై యేళ్లపాటు పొగాకు గ్రేడింగు కూలీగా పనిచేసిన మనిషి. కూతురి పురిటికి బయలుదేరింది. మేం దిగిన విమానాశ్రయం పేరు ఇక్కడ అనవసరం. నా వంతు నిమిషంలో అయిపోయింది. పిన్ని దగ్గరికి వచ్చేసరికి కెమెరా మొరాయించింది. పాస్‌పోర్టులోని ముఖమూ ఎదురుగా వున్న ముఖమూ ఒకటేనని మూడుసార్లు చూసినా ఒప్పుకోలేదు. ఆ ఫోటో దిగిన తర్వాత ఆమెకు పై పళ్లు వూడిపోయాయి, బాగా చిక్కిపోయింది. అధికారి వేళ్లు పెట్టించాడు. ఆకు ఏరీ ఏరీ అరిగిపోయిన వేళ్లు, గీతలు పడలేదు. ఇద్దరినీ పక్క గదిలో కూర్చోబెట్టారు.

“ఏందిరా అబ్బాయ్, నేను నేనేనని నేను చెప్తే చాలదా?” అని అడిగింది పిన్ని.

ఈ సంగతి విన్న మిత్రులు ‘యంత్రం కదా, ఒక్కోసారి పొరబడుతుంది’ అన్నారు. పొరపాటు సంగతి తర్వాత చూద్దాం. ముందు పిన్ని అడిగిన ప్రశ్న వుంది. శ్రమ చేసే మనిషి సరిహద్దు దాటేటప్పుడు అతని మాట చెల్లకుండా పోవడం, మాట స్థానంలోకి శరీరాన్ని పిలవడం కంప్యూటర్లతో మొదలైనవి కావు. ఆ క్రమాన్ని చర్చించడమే ఈ వ్యాసం వుద్దేశం.

మన తీరం నుంచే మొదలుపెడతాను. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ ఒప్పంద కూలీలను ఎక్కించుకుని నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు అలా నేటాల్ చెరకు తోటలకూ గనులకూ వెళ్లినవాళ్లు లక్షన్నర మంది. వారిలో విశాఖ వైపు నుంచీ, ఉత్తర ఆర్కాటు నుంచీ వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. ఆ ఓడల జాబితాలు నేటికీ వున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, వూరు. ఆ పక్కనే ఎత్తు, శరీరం మీది గుర్తులు. మోకాలి మీద మచ్చ, నుదుటి మీద గాయం. పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నవే. వూరు ఎందుకు విడిచాడు, ఎవరిని వదిలి వచ్చాడు అని రాసుకునే గడి ఆ జాబితాలో లేదు. తోట విడిచి పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి మచ్చ పనికొస్తుంది గాని కారణం పనికిరాదు. మన వలస సాహిత్యం మీద పరిశోధన చేసే విద్యార్థులు ఆ జాబితాలను ఒక్కసారైనా చదవాలని నా కోరిక. మన వాళ్ల గురించి పాలకులు రాసిన జీవితచరిత్ర అంతే.

అమెరికా సంగతి ఇంకా స్పష్టం. 1882లో ఆ దేశం చైనా కూలీల రాకను నిషేధించింది. వర్తకులకూ విద్యార్థులకూ మినహాయింపు ఇచ్చింది. పసిఫిక్ వైపు రైలుదారిని కొండలు తొలిచి వేసింది ఆ కూలీలే. 1892లో వచ్చిన గియరీ చట్టం ప్రకారం అప్పటికే అక్కడ వున్న ప్రతి చైనా కూలీ నివాసపత్రం దగ్గర వుంచుకోవాలి. పత్రం లేకుండా పట్టుబడితే, తాను చట్టం రాకముందు నుంచీ వున్నవాణ్ణేనని చెప్పడానికి కనీసం ఒక్క ‘నమ్మదగిన తెల్ల సాక్షి’ కావాలి. ఈ విశేషణం నాది కాదు, చట్టంలోనిదే. చైనా సంఘాలు పత్రాలు తీసుకోవద్దని పిలుపునిచ్చాయి, కూలీలు అత్యధిక సంఖ్యలో పాటించారు. 1893లో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. ఆ యేడే చట్టాన్ని సవరించి పత్రం మీద ఫోటో వుండాలన్నారు. ఐరోపా దేశాల పాస్‌పోర్టుల మీద ఫోటో తప్పనిసరి అయింది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో. అంటే కూలీ ముఖం మీద ఇరవై యేళ్లు వాడి చూసిన తర్వాత పెద్దమనుషుల ముఖాల దాకా వచ్చారన్నమాట.

వేలిముద్ర మన దేశంలో పెరిగిన విద్య. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. ఆ ముద్రల వర్గీకరణను తీర్చిదిద్దినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పద్ధతికి నిలిచింది వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు! అదే హెన్రీని 1900లో దక్షిణాఫ్రికాకు పోలీసు వ్యవస్థ నిర్మించడానికి పంపారు. 1907లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాళ్లంతా వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాలని చట్టం చేసింది. చట్టరీత్యా ముద్రలు అడిగేది నేరస్తులనేనని గాంధీ హెన్రీ పుస్తకం చదివే తెలుసుకున్నాడు. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్ మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా పత్రాలను తగలబెట్టారు. ఆ మంట గురించి అందరూ రాస్తారు. అంతకు ముందు జనవరిలో, స్వచ్ఛందంగానైతే ముద్రలు ఇస్తామని గాంధీ ఒప్పుకున్న సంగతినీ, అందుకు ఆగ్రహించిన ఒక పఠాన్ ఫిబ్రవరిలో ఆయన్ని కొట్టిన సంగతినీ తేలిగ్గా దాటేస్తారు. బలవంతపెడితే అవమానం, ఇష్టపడి ఇస్తే మర్యాద అన్న తేడా నన్నెన్నడూ ఒప్పించలేదు. అంగడి వున్న వర్తకుడికి ఆ తేడా వుండవచ్చు. తోటలో కూలీకి ఇష్టం ఎక్కడిది?

ఇక యంత్రం. 1960లలో కాలిఫోర్నియాలో వుడ్రో బ్లెడ్సో, పేరు బయటపెట్టని గూఢచారి సంస్థ సొమ్ముతో, ఫోటోలలో కళ్లూ నోరూ వున్న చోట్లను చేత్తో గుర్తుపెట్టించి కంప్యూటరుకు ఇచ్చి ముఖాలను పోల్పించాడు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఆ విద్యకు గిరాకీ పెరిగింది. 2003లో అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ పాస్‌పోర్టు చిప్పుకు ముఖాన్నే ప్రధాన ఆధారంగా ఎంచుకుంది. యంత్రం ముఖాన్ని అంకెల వరుసగా మారుస్తుంది, రెండు వరుసల పోలికకు మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులు వస్తే ‘ఈమే ఆమె’ అనాలన్నది యంత్రం తేల్చదు. ఎక్కడో కొందరు మనుషులు కూర్చుని నిర్ణయిస్తారు. ఆ హద్దు పెంచితే నిజమైన మనిషి ఆగిపోతుంది, తగ్గిస్తే ఒకరి పేరుతో మరొకరు దాటిపోతారు.

పొరపాటుకూ పక్షపాతం వుంది. 2019 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థే తన పరీక్షల ఫలితాలు ప్రకటించింది. వేరే మనిషిని ‘ఈమే’ అని యంత్రం పొరబడటం తెల్లవాళ్లకన్నా ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాల విషయంలో చాలా యంత్రాలలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువ. యంత్రాన్ని బట్టి తేడా మారుతుంది. అదే యేడు అమెరికా సరిహద్దు శాఖ కాంట్రాక్టరు దగ్గర నుంచి దాదాపు 1,84,000 ప్రయాణికుల చిత్రాలు దొంగల పాలయ్యాయి. పాస్‌పోర్టు పోతే కొత్తది తెచ్చుకోవచ్చు. 2025 డిసెంబరు 26 నుంచి ఆ దేశంలోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పరదేశీయులందరి ముఖాలనూ ఫోటో తీసే నియమం అమల్లోకి వచ్చింది. స్వదేశీయులు వద్దనవచ్చు.

మా పిన్ని సంగతి మిగిలింది. రెండు గంటల తర్వాత ఒక అధికారిణి వచ్చి ఈమె ఎవరని నన్ను అడిగింది. నా పినతల్లి అని ఇంగ్లీషులో చెప్పాను. ఏం చేస్తుంది, ఎందుకు వచ్చింది, ఎన్నాళ్లుంటుంది, అన్నీ నన్నే అడిగింది. నా జవాబులు నమ్మి పాస్‌పోర్టు నా చేతికే ఇచ్చింది. పిన్నిని ఒక్క మాటా అడగలేదు. దుబాసీ కావాలని అడగాల్సింది నేను. అడగలేదు.

తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కే చోట మళ్లీ కెమెరా వుంది. పిన్ని పైట సర్దుకుని దాని ముందు నిలబడి, “నేనేరా” అంది.