నీళ్ళు కట్టిన ఎముక

కొల్లాపూర్ అనగానే మామిడిపళ్ళు గుర్తొస్తాయి, సురభి రాజుల కోట గుర్తొస్తుంది, సోమశిల రేవులో కృష్ణమ్మ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఈమధ్య వెన్నెముక గుర్తొస్తోంది. నవ్వకండి, రెంటికీ చుట్టరికం ఉంది.

మన వెన్నుపూసలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే మెత్తని పట్టీలుంటాయి. డాక్టర్లు లిగమెంట్లంటారు. వంగి ముగ్గు వేసినా, వెనక్కి తిరిగి పిల్లాణ్ణి కేకేసినా వాటి చలవే. పూలదండలో దారమనుకోండి. ఆ దారమే బిగుసుకుని పుల్లయిపోతే?

పట్టీ ఎముకను అంటుకునే చోట ముందు మొదలవుతుందట. నారపోగుల మధ్య మృదులాస్థి కణాలు తయారవుతాయి, సున్నం పేరుకుంటుంది, రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, వాటి వెంబడే ఎముక కట్టే కణాలు దిగుతాయి. పట్టీ కాస్తా ఎముకవుతుంది. మెడ తిప్పలేని మనిషి, పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తుంది. ఆ ఎముక లోపలివైపు పెరిగితే వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోతాయి. జపాన్‌లో ఇది నీళ్ళతో పనిలేకుండానే, వంశంవల్లా మధుమేహంతోనూ ఎక్కువగా కనిపిస్తుంది. మన దగ్గర చాలా ఊళ్ళలో నేరం నీళ్ళది. నీళ్ళలోని ఫ్లోరైడ్‌ది.

ఈ సంగతి ముందు కనిపెట్టింది డాక్టర్లు కాదు, రైతులు. అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో దుక్కిటెద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోయాయి. తర్వాత మనుషులకూ అదే గతి. 1937లో షార్ట్ అనే దొరా, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్లూ ఇది ఫ్లోరైడ్ వల్లేనని పత్రిక కెక్కించారు. విచిత్రం చూడండి, అదే ఏడు డెన్మార్క్‌లో రోహోల్మ్ అనే డాక్టరు, కోపెన్‌హేగన్‌లో క్రయొలైట్ రాయి పొడిచేసే కూలీల ఎముకల మీద పెద్ద పుస్తకం వేశాడు. అక్కడ దుమ్ము, ఇక్కడ మంచినీళ్ళు. కూలీ సాయంత్రానికి ఫ్యాక్టరీ వదిలి ఇంటికి పోతాడు. నీళ్ళు తాగే మనిషి ఎక్కడికి పోతుంది?

1945లో నైజాం రాజ్యంలోనూ జబ్బు నమోదైంది. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్గొండ రోగుల కథ బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశారు. లండన్‌కు చేరిన కబురు మన సచివాలయానికి చేరడానికి ఇంకెన్నాళ్ళు పట్టిందో మీరే లెక్కేసుకోండి.

లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము దాటకపోతే మేలు, ఒకటిన్నర దాటితే ప్రమాదం. గ్రానైటు రాళ్ళలోంచి అది నీళ్ళలోకి దిగుతుంది. మరగబెడితే పోతుందనుకునేరు! నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. 1970లలో నాగపూర్ 'నీరి' శాస్త్రజ్ఞులు పటికా సున్నంతో నీళ్ళను తేర్చే 'నల్గొండ పద్ధతి' కనిపెట్టారు. బాగానే ఉంది. కానీ రోజూ బకెట్లలో కలిపి, కలియదిప్పి, తేరేదాకా కాచుకుని, అడుగున మడ్డి పారబోసే పని ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? అప్పటికే వంగలేని నడుములాయె.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీకి నిలిచారు. గెలవడానికి కాదు, నీళ్ళడగడానికి. బ్యాలెట్ పేపరు పుస్తకమంతయింది.

ఇక కొల్లాపూర్ చుట్టరికం. పాలమూరు మెట్ట ఊళ్ళు కొన్నిటిలోనూ బోరు నీళ్ళ కథ ఇదే. పక్కనేమో కృష్ణ! నది కిందా, ఊళ్ళు పైనా. 2016లో మొదలైన మిషన్ భగీరథకు ఈ కొల్లాపూర్ పక్కన ఎల్లూరు దగ్గరే నీళ్ళు తీసుకునే ఏర్పాటు జరిగింది. పొదిలి ఎద్దులు చతికిలబడ్డాక ఎనభై ఏళ్ళకు!

కొత్తగా పుట్టే పిల్లల వెన్ను దీనివల్ల కాచుకుంటుంది. పెద్దవాళ్ళలో ఇప్పటికే ఎముకైన పట్టీ మళ్ళీ పట్టీ కాదు. నరం నలుగుతుంటే ఆపరేషన్‌తో చోటు చేస్తారు, అంతే. 2020 అక్టోబరులో ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్ మునిగింది. అలాంటప్పుడు కొళాయి ఆగితే ఆడవాళ్ళు బిందె చంకనెత్తుకుని వెళ్ళేది మళ్ళీ ఆ బోరు దగ్గరికే.