గ్రామ ప్రకృతికి దఫ్తరము

ఒక ప్రాంతపు నేలను, నీటిని, చెట్టుచేమలను గూర్చిన వివరములన్నియు ఒకచోట కూర్చి, కంప్యూటరు యంత్రమున భద్రపఱచి, కోరినవారికెల్ల చూపు ఏర్పాటును నేడు డిజిటల్ గ్రంథాలయమనుచున్నారు. పేరు క్రొత్తదే గాని పని ప్రాతది. మన పూర్వులు ఆ పనిని మొదట ఱాతిమీదను, పిమ్మట కాగితముమీదను చేసిరి.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. దానిని వ్రాయించినవాడు విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేయగా చెరువు పూర్తియైనదని అందు గలదు. అంతటితో ముగింపక, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, వర్జింపవలసిన ఆఱు దోషములను గూడ చెక్కించిరి. కట్ట కాఱుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మెట్టయుండుట, నీరు కొంచెమై పాఱవలసిన నేల విస్తారమగుట, నేల కొంచెమై నీరధికమగుట - ఇవియే ఆ దోషములు. ఆఱువందల యేండ్లు దాటినను ఇందొక్కటియు త్రోసివేయదగినది కాదు.

కాని శిల యున్నచోటనే యుండును. చదువగోరువాడే అచ్చటికి పోవలెను.

1783లో మన దేశమునకు వచ్చిన కాలిన్ మెకంజీ దొర ఊరూర వృత్తాంతములు సేకరింపజేసెను. ఆయనకు కుడిభుజములై నిలిచినవారు ఏలూరివారగు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు. కరణముల కవిలెలనుండియు, పెద్దల నోటినుండియు గ్రహించి వ్రాసిన ఆ వృత్తాంతములే కైఫీయతులు. ఊరి పుట్టుక, చెరువులు, గుళ్లు, మాన్యములు వానియందు కనబడును. 1821లో మెకంజీ చనిపోగా ఆ సంచయము చెదరి లండనునకు కొంత, కలకత్తాకు కొంత, మద్రాసునకు కొంత చేరెను. కాగితములు శిథిలమగుట చూచి బ్రౌను దొర పెక్కింటికి ప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులు లేకున్న మన గ్రామముల పూర్వకథ ఎంతయో చెదలపాలయ్యెడిది.

శిల కదలదు, కాగితము నిలువదు. ఈ రెండు కొఱతలను డిజిటల్ గ్రంథాలయము తీర్పగలదు. పత్రమునకు ఛాయాచిత్రము తీసి భద్రపఱచినచో, లండనులోని కాగితమును, మద్రాసులోని కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి ఊరిలోనే చదువవచ్చును.

అయినను యంత్రమునకు తెలియని దొకటి గలదు. ప్లవ నామ సంవత్సరమున కట్ట తెగెనని ఒక కాగితమున నున్న దనుకొందము. ప్లవ అఱువదేండ్ల కొకసారి వచ్చును. అది 1901వ సంవత్సరమా, 1961వ సంవత్సరమా, 2021వ సంవత్సరమా? అలుగు ఏ దిక్కున నుండెడిది? శిఖము ఎంతదాక పరచుకొని యుండెడిది? మృగశిర కార్తెలో విత్తెడి ఏ రకపు ధాన్యము ఇప్పుడు కనుమఱుగైనది? ఇవి చెప్పగలవారు గ్రామ వృద్ధులే. రేపు చెరువు గర్భమునకు హద్దేదియను తగవు పుట్టినపుడు వ్రాసిపెట్టిన మాటయే సాక్ష్యమగును గాని, వ్రాయక పోయిన జ్ఞాపకము సాక్ష్యము కానేరదు.

2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ఇందుకొక త్రోవ చూపినది. ప్రతి స్థానిక సంస్థయు ఒక సంఘము నేర్పఱచి, ఊరివారి నడిగి, అచ్చటి చెట్లు, జంతువులు, పైరులు, మందుమొక్కలు, వానిని గూర్చిన తెలివి - ఇవన్నియు ప్రజా జీవవైవిధ్య పట్టికలో వ్రాయవలెను. వర్తకులు వ్యాపారమునకై ఆ సంపదను గైకొన్నచో రుసుము విధించు అధికారము గూడ సంఘమునకు గలదు. కావున చెప్పినందువలన ఊరి సొత్తు పరులపాలగునను శంకతో నోరు మూసికొన నక్కఱలేదు. పట్టికలో నెక్కిన సొత్తునకే అడుగువాడుండును.

కాబట్టి పెద్దలారా, పంచాయతీలో ఆ పట్టిక యున్నదేమో విచారింపుడు. ఉన్నచో చదివించుకొని తప్పులు దిద్దింపుడు. చదువుకొన్న పిల్లవాని నొకనిని వెంటబెట్టుకొని చెరువుకట్ట చుట్టి రండు. తూము పేరు, చెట్టు పేరు, నేల పేరు మీరు చెప్పుడు, వాడు వ్రాయును. కావలి సోదరులు నాడు ఊరూర చేసిన పని అదియే.