గిండీ పట్టా – ముగ్గురు అమ్మాయిలు



ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్ల లేని తెలుగు కుటుంబం ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం. మన గ్రూపుల్లోనే చూడండి. ఎవరి పాప ఏ బ్రాంచిలో చేరింది, ఎవరి కోడలికి ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఈ కబుర్లు లేని వారం ఉండదు. మరి ఈ దారిలో మొట్టమొదట నడిచిన తెలుగావిడ ఎవరు అని అడిగితే మాత్రం మనలో చాలామందిమి ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

ఆవిడ పేరు అయ్యలసోమయాజుల లలిత. 1943లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. చదివింది గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో. అప్పటికి ఆవిడకి 24 ఏళ్ళు. భర్త పోయి ఆరేళ్ళు దాటింది. ఆరేళ్ళ కూతురు ఉంది.

ముందు ఆ కాలేజీ సంగతి కొంచెం చెప్పాలి. 1794లో మద్రాసులో సర్వే పని నేర్పే బడిగా మొదలైంది. తర్వాత సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ అయింది, 1920లో గిండీకి మారింది. ఇప్పుడది అన్నా విశ్వవిద్యాలయంలో భాగం. 1946లో విశాఖలో మొదలై కాకినాడకి తరలిన కాలేజీ వచ్చేదాకా కోస్తా, రాయలసీమ కుర్రాళ్ళు చాలామందికి ఇంజనీరింగ్ అంటే గిండీయే. నాగార్జునసాగర్ అనగానే గుర్తొచ్చే కె.ఎల్. రావు గారు అక్కడివారే. పాలవిప్లవం తెచ్చిన వర్గీస్ కురియన్ కూడా అక్కడే మెకానికల్ చదివారు, అదీ సరిగ్గా లలిత గారు చదివిన రోజుల్లోనే. గిండీ పూర్వ విద్యార్థుల గొప్పలు చెప్పుకునేటప్పుడు ఇలాంటి పేర్లు ముందు వస్తాయి. రావలసిన పేర్లే, కాదనను. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "మొదటి మహిళ" అని ఒక్క వాక్యం రాసి ముందుకి వెళ్ళిపోతారు. నాకు నచ్చనిది అదే. ఆ ఒక్క వాక్యంలో ఎంతమంది ఉన్నారో చూడండి.

లలిత గారు 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో అయిదో ఆవిడ. తండ్రి పప్పు సుబ్బారావు గారు ఆ గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. అంత చదువుకున్న ఇంట్లో కూడా మగపిల్లలు ఇంజనీర్లవ్వాలి, ఆడపిల్లలకి పెళ్ళిళ్ళవ్వాలి అన్నదే లెక్క. ఆవిడకి 15వ ఏట పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక కూడా స్కూలు ఫైనల్ దాకా చదివించాలని తండ్రి పట్టుబట్టారు కాబట్టి అంతవరకు చదువు సాగింది. 1937లో పాప పుట్టింది. పాపకి నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు.

ఆ రోజుల్లో చిన్న వయసులో భర్త పోయిన పిల్ల బతుకు ఎలా ఉండేదో మన అమ్మమ్మలు చెప్పగా మనకి తెలుసు. పండగకి ముందుకి రాకూడదు, శుభకార్యానికి ఎదురు రాకూడదు, వంటింటి మూల ఒక చాప. పుట్టింటికి వచ్చిన లలిత గారు ఆ చాప మీద కూర్చోలేదు. చదువుకుంటానన్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చేసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నారు.

తర్వాత ఏం చదవాలి? అప్పట్లో పెద్ద చదువు చదివే ఆడపిల్లకి ఉన్న దారి వైద్యం. మద్రాసు మెడికల్ కాలేజీలో 1875 నుంచే ఆడవాళ్ళని చేర్చుకునేవారు. లలిత గారు మాత్రం వద్దన్నారు. అర్ధరాత్రి కబురొస్తే పాపని వదిలి పరుగెత్తాలి, అది తన వల్ల కాదు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం కావాలి అన్నది ఆవిడ ఆలోచన. ఈ ముక్క చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. నర్సుగా పన్నెండేళ్ళు నైట్ డ్యూటీలు చేసినదాన్ని కదా. ఆవిడ ఇంజనీరింగ్ ఎంచుకున్నది చరిత్ర సృష్టిద్దామని కాదు. పసిపిల్ల తల్లి డ్యూటీ టైమింగులు చూసుకుంది, అంతే.

కాకపోతే గిండీలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల కూడా చేరలేదు. తండ్రి వెళ్ళి ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. పైన ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టరు అనుమతి కూడా కావలసి వచ్చింది. వచ్చింది. 1940లో వందలమంది అబ్బాయిల మధ్య ఒక్కరే అమ్మాయిగా చేరారు. తోటివాళ్ళు మర్యాదగానే ఉన్నారట. హాస్టల్లో విడిగా ఒక గది ఇచ్చారు. మరి పాప? దగ్గరలోనే ఉన్న అన్నగారి ఇంట్లో పెరిగింది. శని ఆదివారాలు వస్తే తల్లి వెళ్ళి చూసుకునేది.

మనలో ఎంతమంది పిల్లల్ని అమ్మ దగ్గరో, వదిన దగ్గరో వదిలి కువైట్‌కో, దోహాకో, లండన్‌కో వచ్చామో లెక్కేసుకుంటే ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు. లలిత గారి పట్టా మీద ఒక్కరి పేరే ఉంటుంది. ఆ మూడేళ్ళూ చంటిదానికి తలదువ్వి, అన్నం తినిపించి, జ్వరమొస్తే రాత్రి మేలుకున్న వాళ్ళ పేర్లు ఏ పట్టా మీదా ఉండవు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కాలేజీలో చేరిన కొన్ని నెలలకే లలిత గారికి ఒంటరితనం భరించరానిదైంది. ఎవరూ ఏమీ అనకపోయినా రోజంతా మనసు విప్పి మాట్లాడే మనిషి లేకపోతే ఎలా ఉంటుందో, కొత్త దేశంలో మొదటి ఆరునెలలు గడిపిన మనకి తెలియనిదా? సరే, తండ్రి ఏం చేశారంటే, గిండీలో ఆడపిల్లలకి కూడా ప్రవేశం ఉంది అని ప్రకటన ఇప్పించారు. అది చూసి మరో ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మలయాళీ అమ్మాయిలే, పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్. సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు.

వాళ్ళు లలిత గారికంటే ఒక ఏడాది జూనియర్లు. అయితే రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది, ఇంజనీర్లు త్వరగా కావాలి అని కోర్సు కొన్ని నెలలు తగ్గించారు. దాంతో ముగ్గురూ కలిసే బయటికి వచ్చారు. అసలు తమాషా పట్టాలు ఇచ్చేటప్పుడు జరిగింది. అచ్చు వేసిన కాగితాల మీద ఇంగ్లీషులో మగవాళ్ళకి వాడే "హీ" అనే ఉంది. ఆడపిల్ల పుచ్చుకుంటుందని ఎవరూ అనుకోలేదు కదా మరి! ఆ "హీ"ని కొట్టేసి "షీ" అని మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

అదే మద్రాసులో అదే రోజుల్లో ఇంకో తెలుగావిడ కూడా పట్టా కోసం పోరాడుతున్నారు. ఎనిమిదో ఏట పెళ్ళయి, పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుని బయటికొచ్చిన దుర్గాబాయి గారు 1942లో మద్రాసులో లా పూర్తి చేశారు. అంతకు ముందే 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకి తయారుచేయడం మొదలుపెట్టారు. ఆవిడ కథ మనకి బాగా తెలిసిందే, మళ్ళీ చెప్పను.

చదువు అయ్యాక లలిత గారు బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది పని నేర్చుకున్నారు. తర్వాత సిమ్లాలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో ఉద్యోగం. కొన్నాళ్ళు తండ్రి పరిశోధనల్లో సాయం చేశారు. ఆయన జెలెక్ట్రోమోనియం అని కరెంటుతో మోగే సంగీత వాద్యం ఒకటి, పొగ రాని పొయ్యి ఒకటి తయారుచేసే పనిలో ఉండేవారు. పొగ రాని పొయ్యి! ఆడపిల్లని ఇంజనీరింగ్‌లో చేర్పించిన మనిషికి వంటింటి పొగ కూడా పట్టిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. కలకత్తాయే ఎందుకంటే ఇంకో అన్నగారు అక్కడ ఉన్నారు. మళ్ళీ అదే లెక్క చూడండి, ఉద్యోగం ఒక్కటే చూసుకుంటే చాలదు, ఇల్లు ఎక్కడ కుదురుతుందో కూడా చూసుకోవాలి. కరెంటు సరఫరా లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు, ప్రమాదం రాకుండా కాపాడే పరికరాలు, ఇవి ఆవిడ పని. సట్లెజ్ నది మీద భాక్రా నంగల్ ప్రాజెక్టు కరెంటు లైన్లలో ఆవిడ చేతి పని ఉంది. 1977లో రిటైరయ్యేదాకా అదే పనిలో ఉన్నారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. లలిత గారికి పిలుపు వచ్చింది. అప్పటికి మన దేశంలో మహిళా ఇంజనీర్లకి అలాంటి సంఘమే లేదు. అందుకని దేశం తరఫున కాకుండా సొంత హోదాలోనే వెళ్ళారు. చీర కట్టుకుని అమెరికాలో తిరిగిన ఆవిడని అక్కడి పత్రికలవాళ్ళు మాట్లాడించారు. నూటయాభై ఏళ్ళ కిందటయితే నన్ను నా భర్త చితి మీద కాల్చేసి ఉండేవారు అన్న అర్థం వచ్చేలా ఆవిడ ఒక విలేకరితో చెప్పారట. విదేశంలో మన గురించి అడిగితే మనం సాధారణంగా అన్నీ మంచివే చెప్పి ఊరుకుంటాం. ఆవిడ నిజం చెప్పారు.

తిరిగి వచ్చాక ఊరుకోలేదు. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండో సమావేశం పెడితే, ఈ దేశపు మహిళా ఇంజనీర్లని వెతికి పట్టుకుని, ఉత్తరాలు రాసి, వాళ్ళు వెళ్ళేలా చూశారు. వాట్సాప్ లేదు, ఈమెయిల్ లేదు. అయిదుగురు వెళ్ళారు. 1940లో హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కోరుకున్నది ఏమిటో, 1967లో కూడా అదే పని చేస్తున్నారు.

మిగతా ఇద్దరి సంగతి కూడా చెప్పాలిగా. లీలమ్మ జార్జ్ తిరువాన్కూరు ప్రజాపనుల శాఖలో చేరారు. అక్కడి రాజకుటుంబం ఆవిడని నగర ప్రణాళిక చదవడానికి ఇంగ్లండు పంపించింది. త్రేసియా గారు రోడ్లు, ఆసుపత్రులు కట్టిస్తూ మెట్టు మెట్టు ఎక్కి 1971లో కేరళ ప్రజాపనుల శాఖకి చీఫ్ ఇంజనీరు అయ్యారు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే. లలిత గారు 1979 అక్టోబరు 12న, 60 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. త్రేసియా గారు ఉద్యోగం నుంచి రిటైరయిందీ ఆ ఏడాదే.

వచ్చే సంచికకి మీ సాయం కావాలి. మీ ఇళ్ళలో 1950ల్లో, 60ల్లో కాలేజీ గడప తొక్కిన పెద్దమ్మలు, మేనత్తలు ఉంటే ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి. మార్కుల గురించి తర్వాత అడగొచ్చు. ఫీజు ఎవరు కట్టారు, ఎవరి ఇంట్లో ఉండి చదివారు, క్లాసులో తోడు ఎవరున్నారు, పిల్లల్ని ఎవరు చూశారు, ఆ పేర్లు అడిగి రాసుకుని పంపండి. పట్టా కాగితం ఇంకా దాచి ఉంటే ఒక ఫోటో కూడా తీయండి.